ముగ్గుబజారులో తోడొచ్చిన తల్లి

కృష్ణ ఒడ్డున ఉన్న మన నగరానికి వచ్చి ముగ్గుబజారు చూడకుండా వెళ్ళేవారు అరుదు. పెళ్ళి చీరలకు, గాజులకు, స్టీలు సామాన్లకు అందరూ ఇక్కడికే వస్తారు. ఆదివారం నాడైతే ఒకరి భుజం ఒకరికి తగలకుండా నడవడం కుదరదు. వచ్చినవారు గడియారస్తంభం దగ్గర ఫోటో దిగి, మూలమీది బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని, సంచులు నింపుకొని బస్సు ఎక్కుతారు. ముగ్గుబజారు అంతా చూసేశామని ఊరికి వెళ్ళి చెబుతారు కూడా. పాపం, వారు చూసింది బజారు ముఖం మాత్రమే.

స్టీలు కొట్ల వరసకు వెనక, రెండు గొడుగులు ఎదురుపడితే ఒకటి ముడవవలసినంత ఇరుకు సందులు ఉన్నాయి. ఆ సందుల్లో, దారి అయిపోయిందనుకొని అందరూ వెనక్కి తిరిగే చోట, తోడొచ్చిన తల్లి కొలువై ఉంది. గుడి చిన్నది. లోపల నలుగురు నిలబడితే ఐదోవారు గడప మీద ఆగాలి. అమ్మవారి రూపం మోకాలెత్తు నల్లరాయి. నుదుట కుంకుమ, మెడలో పూలదండ అందరు అమ్మవార్లకూ ఉన్నట్టే ఉంటాయి. పాదాలకు మాత్రం పసుపు రాయరు. అవి మునిగేదాకా తెల్లటి ముగ్గుపిండి పోస్తారు.

ఈ గుడికి బోర్డు లేదు, బాణం గుర్తు లేదు. ఫోనులో వెతికితే అది మిమ్మల్ని స్టీలు కొట్టు దాకా తీసుకువచ్చి అక్కడ వదిలేస్తుంది. ఇదేమి నిర్లక్ష్యమని కొందరు భక్తులు గుడి చూసుకునే మా మీద కోప్పడ్డారు. ఒక పెద్దమనిషి తన ఖర్చుతో ఇత్తడి బోర్డు చేయించి తెచ్చారు. ఆయన మనసు నొప్పించడం ఇష్టంలేక దానిని కళ్ళకద్దుకొని తీసుకున్నాం. ఇప్పుడు దాని వెనకవైపున ప్రసాదం పెట్టుకుంటున్నాం. బోర్డు ఎందుకు కట్టమో తెలియాలంటే ఈ స్థలం కథ తెలియాలి.

పూర్వం ఇక్కడ స్టీలు లేదు, పట్టుచీరలు లేవు. నది అవతలి కొండల నుంచి ముగ్గురాయి బండ్ల మీద వచ్చేది. దానిని దంచి, జల్లించి, పిండి చేసి అమ్మేవారు. వీధి వీధంతా తెల్లగా ఉండేది. మనుషుల కనుబొమలు కూడా తెల్లబడి, పెళ్ళికాని కుర్రవాళ్ళకు సైతం తాతల మర్యాద దక్కేదని మా అమ్మమ్మ నవ్వుతూ చెప్పేది.

ఆ వర్తకులకు ఒక పట్టింపు ఉండేది. మన ఇళ్ళలో బియ్యం అయిపోతే అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం కదా. అలాగే కొట్లో కూర్చున్నవాడు నోటితో లేదు అనకూడదు, తెలియదు అనకూడదు, అంటే లక్ష్మి గడప దాటిపోతుందని వారు నమ్మేవారు. సరుకు విషయంలో దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. చిక్కంతా దారి అడిగేవారితో వచ్చింది. కొత్తవారెవరైనా వచ్చి ఫలానా ఇల్లు ఎటని అడిగితే, తెలిసినా తెలియకపోయినా, వర్తకుడు కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపేవాడు. "తిన్నగా వెళ్ళి ఎడమకు తిరగండి, ఆ పైన కుడికి తిరగండి, అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు" అనేవాడు. అక్కడ ఎవరిని అడిగినా చెప్పేవారు, అంతవరకు నిజమే. పెళ్ళిచూపులకు వచ్చినవారు ఇలాగే మరో ఇంటికి చేరి, అక్కడి పిల్లను చూసి, నచ్చి, తాంబూలాలు పుచ్చుకొని వెళ్ళారని చెప్పుకుంటారు. ఆ కాపురం లక్షణంగా సాగిందట, అది వేరే సంగతి.

అందరిలోకీ ధాటిగా దారి చెప్పేవాడు సింగంశెట్టి పానకాలయ్య. బజారు మొదట్లోనే ఆయన ముగ్గు కొట్టు. మనిషి మంచివాడు, చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది. పొద్దున కొట్లో కూర్చుంటే దీపాల వేళకు గానీ లేచేవాడు కాదు. భార్య పోయింది. ఉన్నది ఒక్క కూతురు, రాజ్యం. ఆమెను అదే బజారులో ముగ్గురాయి బండి తోలే అంకయ్యకు ఇచ్చి చేశాడు. మొదటి కాన్పు పుట్టింట్లో జరిగి బిడ్డ దక్కలేదు. అందుకని రెండో కాన్పుకు రాజ్యాన్ని అత్తవారింట్లోనే ఉంచారు. ఈసారైనా బిడ్డ బతికి బట్టకడితే చాలునని పానకాలయ్య ఎందరు దేవుళ్ళకు మొక్కాడో ఆయనకే గుర్తు లేదు. ఆ మధ్యనే అంకయ్య వాళ్ళు వెనక సందుల్లో వేరే ఇంటికి మారారు. మంచిరోజు చూసి సారెతో వెళదామని పానకాలయ్య ఆగాడు. ఆ ఇంటి తలుపులు పచ్చరంగువని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం రాజ్యానికి నొప్పులు మొదలయ్యాయి. ఇంట్లో ఉన్నది అంకయ్య, కళ్ళు సరిగా కనపడని అతని తల్లి. భార్యను వదిలి వెళ్ళలేక అంకయ్య రేవు వైపు పోతున్న ఒక బండివాడిని ఆపి, మంత్రసాని సైదమ్మను పిలుచుకు రమ్మన్నాడు. బండివాడు ఆమెకు కబురు చెప్పి, ముగ్గుబజారు వెనక పచ్చతలుపుల ఇల్లు అని గుర్తు చెప్పి తన దారిన పోయాడు. సైదమ్మ చేతిలో పని వదిలేసి గబగబా వచ్చి, బజారులో మొదటి కొట్టు ముందు ఆగింది.

"అయ్యా, పచ్చతలుపుల ఇల్లు ఎటు?" అని అడిగింది.

పానకాలయ్య ముగ్గు తూస్తున్నాడు. ఎవరి ఇల్లు, ఎందుకు అని ఒక్క మాట అడగలేదు. తల ఎత్తకుండానే చెయ్యి చాపి, "ఇలా వెళ్ళి ఎడమకు తిరగండమ్మా" అన్నాడు. సైదమ్మ ఎడమకు తిరిగింది. అక్కడి వర్తకుడు కుడికి పంపాడు. కుడివైపువాడు మళ్ళీ వెనక్కి పంపాడు. తిరిగి తిరిగి ఆమె పానకాలయ్య కొట్టుకే వచ్చి మళ్ళీ అడిగితే, ఆయన ఈసారి ఇంకో దారి చెప్పాడు. అదీ మొదటి దారంత ధీమాగానే.

కొంతసేపటికి అంకయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మామా, సైదమ్మ ఇటు వచ్చిందా? రాజ్యం తట్టుకోలేకపోతోంది. పచ్చతలుపుల ఇల్లని గుర్తు చెప్పి పంపాను, ఇంతవరకు రాలేదు" అన్నాడు.

పానకాలయ్య చేతిలో తక్కెడ జారి ముగ్గులో పడింది. "అది మీ ఇల్లా?" అన్నాడు. "నువ్వు దాని దగ్గరికి పో నాయనా. సైదమ్మను నేను వెతికి తెస్తాను" అని అల్లుడిని పంపించి, పట్టపగలు కొట్టు వదిలి వీధిలోకి దిగాడు.

మంత్రసాని ఎటు వెళ్ళిందని పక్క కొట్టువాడిని అడిగాడు. ఆయన ఆమెను చూడనే లేదు. అయినా, "ఇదుగో, ఇప్పుడే అటు వెళ్ళింది" అని చెయ్యి చాపాడు. ఆ పైవాడు మరో వైపు చాపాడు. ఇన్నేళ్ళుగా తాను పంచిపెట్టిన సరుకు పానకాలయ్యకు ఆ మధ్యాహ్నం వడ్డీతో సహా తిరిగి వచ్చింది. పుట్టి పెరిగిన బజారే అయినా ఆ వెనక సందులు ఆయన ఎన్నడూ తొక్కినవి కావు. తిరిగిన చోటే తిరిగి, చెమటలు కక్కుతూ, చివరికి దారి అయిపోయిన ఒక సందులో గోడకు ఎదురుగా నిలబడిపోయాడు.

ఆ గోడ పక్కన ఒక ముసలమ్మ ముగ్గురాయి దంచుతోంది. "ఎక్కడికి నాయనా?" అంది.

"పచ్చతలుపుల ఇంటికి."

"అది ఎటు?"

అలవాటు కొద్దీ పానకాలయ్య చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఎటు చాపాలో తోచక గాలిలో ఆగిపోయింది. ఆయన అక్కడే కూలబడి ఏడ్చేశాడు. "తెలియదమ్మా" అన్నాడు. "నా కూతురి ఇల్లే. నాకు తెలియదు."

"ఆ ఒక్క మాటకు ఇంత ఆయాసపడాలా? లే, పద" అని ముసలమ్మ రోకలి పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకొని ముందు నడిచింది. ఆమె నడక నెమ్మదిగానే ఉన్నా పానకాలయ్య అందుకోలేకపోయాడు. నడుస్తూ ఆమె ఊరుకుందా అంటే అదీ లేదు. ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే అరుగు ఇదేనంది. మేడమీద చిలక ఉంది చూడు, దానికి నీ గొంతు బాగా వచ్చు, ఎడమకు తిరగండమ్మా అంటుందంది. "నీ బజారే కదా, ఎప్పుడైనా చూశావా?" అని అడిగింది. ఏడుపు ఆగని పానకాలయ్యకు ఆ ఏడుపులోనే నవ్వు వచ్చింది. పచ్చతలుపులు కనపడేసరికి లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు, తాతగారి గొంతే.

లోపల సైదమ్మ చేతులు కడుక్కుంటోంది. "ఆడపిల్లయ్యా. తల్లీబిడ్డా క్షేమం" అంది. "ముందు ఆ ముసలమ్మను పిలవండి. ముగ్గు దంచుకుంటున్నదల్లా రోకలి పక్కన పెట్టి, నా వెంట గడప దాకా వచ్చింది. ఆమె లేకపోతే నేను ఇంకా మీ బజారులోనే తిరుగుతూ ఉండేదాన్ని."

"ఆమె నాతో కదా వచ్చింది, ఇప్పుడే" అన్నాడు పానకాలయ్య.

"నాతో వచ్చి చాలాసేపయింది" అంది సైదమ్మ.

ఇద్దరూ బయటికి వచ్చి చూస్తే వీధిలో ఎవరూ లేరు. గడప ముందు ముగ్గుపిండి అంటిన పాదముద్రలు ఉన్నాయి. ఒక వరస తూర్పు సందు నుంచి, ఒక వరస పడమటి సందు నుంచి వచ్చి గడప దగ్గర కలుసుకున్నాయి. రెండూ ఒకే మనిషి పాదాలు. వెనక్కి వెళ్ళిన అడుగు ఒక్కటీ లేదు.

చీర, పసుపు కుంకుమ, చలిమిడి పట్టుకొని బజారంతా కదిలి ఆ అడుగుల జాడన ఆ సందు చివరికి వెళ్ళింది. అక్కడ రోలు లేదు, రోకలి లేదు. ముగ్గుపిండి కుప్పలో పాదాల దాకా మునిగి ఒక నల్లరాయి నిలిచి ఉంది. అందరూ అక్కడే సాష్టాంగపడ్డారు. చీర అమ్మకు కట్టారు. ఆ సంబరంలో వర్తకులు పెద్ద ఆలోచన ఒకటి చేశారు. బజారు మొదట్లో కమాను కట్టించి, దాని మీద దారి చూపే పెద్ద చెయ్యి బొమ్మ వేయిద్దామన్నారు. చెయ్యి ఎటు చూపాలన్న దాని మీద వెంటనే వాదన కూడా మొదలైంది.

మరునాడు పానకాలయ్య ముగ్గు బస్తాలకు ఆనుకొని మధ్యాహ్నపు కునుకు తీస్తుండగా అమ్మ కలలో కనిపించింది. "చేతులు చాపింది చాలు. నా దగ్గరికి వచ్చేవారు అడిగి రావాలి. దారి తెలిసినవారు లేచి తోడు రావాలి. తెలియనివారు తెలియదని చెప్పాలి. నాకు అదే నైవేద్యం" అని చెప్పింది. పానకాలయ్య ఉలిక్కిపడి లేచి ఇరుగుపొరుగును పిలిచి ఆ మాట చెప్పాడు. కమాను ఆలోచన అక్కడితో ఆగింది. తెలియదనడం మాత్రం వారికి అంత సులువుగా పట్టుబడలేదు. కొందరు ముందు చెయ్యి చాపి, తరువాత నాలుక కరుచుకొని, ఆ చేతిని తల గోక్కోవడానికి వాడుకునేవారట. లక్ష్మి ఎక్కడికీ పోలేదు. మాట నమ్మదగిన బజారని పేరు వచ్చి బేరాలు పెరిగాయి.

నాటి నియమం నేటికీ నడుస్తోంది. మీరు ముగ్గుబజారుకు వచ్చినప్పుడు ఏ కొట్లోనైనా తోడొచ్చిన తల్లి గుడి ఎటని అడగండి. తెలియనివారు తెలియదండీ అని చక్కగా చెబుతారు. తెలిసినవారు కొట్టు పక్కవారికి అప్పగించి మీ వెంట వస్తారు. వచ్చేవారు ఊరికే రారు. చల్లటి అరుగు మీద మిమ్మల్ని కూర్చోబెడతారు, చిలకల మేడ చూపిస్తారు, పూలు కట్టేవారి సందులో ఒక మూర మల్లెలు ఇప్పిస్తారు, మీ ఊరు, మీ పిల్లల చదువులు అన్నీ అడుగుతారు. పండగ రద్దీలో గడియారస్తంభం మాత్రమే చూసి వెళ్ళేవారికి ఈ భాగ్యం లేదు. గుడిలో ప్రసాదంగా చలిమిడి పెడతాం. మీకొక ముద్ద, మీకు తోడు వచ్చినవారికి ఒక ముద్ద. స్టీలు కొట్టు యజమాని ఆదివారం నాడు భోజనం మానేసి చలిమిడితోనే సరిపెట్టుకుంటారని మా అనుమానం.

అమ్మ పాదాల దగ్గర గుప్పెడు ముగ్గుపిండి పోసి, మీకు తెలియని సంగతి ఒకటి పైకి చెప్పి, తెలియదు తల్లీ అనాలి. గర్భిణులు సుఖప్రసవం కోరి వస్తారు. తప్పిపోయినవారి కోసం ఇంటివారు వస్తారు. పరీక్షలు రాసే పిల్లలు కూడా వస్తారు, వారికి చెప్పుకోవలసినవి చాలా ఉంటాయి. తిరిగి వెళ్ళేటప్పుడు మీ అరికాళ్ళకు ముగ్గు అంటి ఉంటుంది. ఆ తెల్లటి అడుగులు చూసి బజారు వారు, అమ్మను చూసి వస్తున్నారా అని పలకరిస్తారు. ఇంటికి చేరేదాకా కాళ్ళు కడుక్కోకుండా వెళితే, అమ్మ గడప దాకా తోడు వస్తుందని నమ్మకం.

ఆ పచ్చతలుపుల ఇంట్లో పుట్టిన పిల్లకు తోడమ్మ అని పేరు పెట్టారు. ఆమె మా అమ్మమ్మకు నాయనమ్మ. గుడి తాళం ఆనాటి నుంచి మా ఇంటి ఆడవారి చేతుల్లోనే ఉంది, ఇప్పుడు నా దగ్గర ఉంది. దర్శనానికి వచ్చినవారు తరచూ నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. పానకాలయ్య గోడ ముందు ఏడుస్తున్న వేళకే అమ్మ సైదమ్మను గడప దాటించింది కదా, ఒక్క మనిషి రెండు సందుల్లో ఎలా నడిచిందమ్మా అంటారు. చదువుకున్నవారు, పెద్దవారు అడుగుతారు. నేనూ పానకాలయ్య రక్తమే కాబట్టి ఏదో ఒకటి చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది, చెయ్యి కూడా కాస్త లేస్తుంది. అప్పుడు అమ్మ వైపు తిరిగి, గుప్పెడు ముగ్గు పాదాల మీద పోసి, ఆ రోజు నైవేద్యం నేనే పెడతాను. తెలియదు తల్లీ.