నక్క చెక్కిన తుపాకులు

వానలు పట్టుకుంటే అడవిలో పనేముంటుంది? జంతువులంతా అడవిదున్న గుహలో చేరి చుక్కల ఆట ఆడతారు. గుహే ఓడ, అది ఆకాశంలో ఎగురుతోందనుకోవాలి. కథ నడిపేది దున్న. ఎదురొచ్చే రాకాసి ఓడని కూల్చినవాళ్లు ఆ వానాకాలమంతా నాయకులు. కాల్చలేనివాళ్లు ఆటలోంచి బయటికి. పోయినేడు ఉడతని అలాగే తోసేసి సరుకు మూట కింద లెక్కేశారు. ఈసారైనా ఆడాలని దాని ఆశ.

తాటిమట్టతో చేతి తుపాకులు చెక్కే పని నక్క తీసుకుంది. మూడు చెక్కింది, మూడూ తన పంజా కొలతకే.

"మామా, ఇది నాకంటే పొడుగుంది," అంది ఉడత.

"ఓడలో సామానంతా ఒకే కొలత ఉండాలమ్మా. అదీ పద్ధతి."

"మీట సందులో నా తొండం దూరట్లేదురా," అన్నాడు ఏనుగు.

"కాస్త చిక్కితే దూరుతుంది తాతా."

దున్న ఐదు గవ్వలు ముందు పెట్టాడు. "తుపాకి ఎత్తి మీట నొక్కితేనే గవ్వలు వెయ్యాలి. కనీసం మూడు వెల్లకిలా పడితే దెబ్బ తగిలినట్టు. ముందు నక్క."

నక్క ఠీవిగా ఎత్తి నొక్కింది. రెండే పడ్డాయి.

"ఏనుగు?"

ఏనుగు తల అడ్డంగా ఊపాడు. నక్క ముసిముసిగా నవ్వింది, "తాతా, నువ్వూ ఉడతా సరుకులో కూర్చోండి మరి."

ఉడత కదల్లేదు. "దున్న పెదనాన్నా, ఎత్తేదీ నొక్కేదీ ఒక్కరే అవ్వాలా?"

దున్న నెమరేస్తూ ఆలోచించాడు. "అలాగని ఎవరూ అనలేదే."

"తాతా, ఎత్తు."

ఏనుగు తొండంతో తుపాకి పట్టుకున్నాడు. ఉడత మీట సందులో దూరి, వీపు ఆనించి, రెండు కాళ్లతో తన్నింది. టక్కుమంది. ఏనుగు గవ్వలు వేస్తే ఒక్కటే పడింది.

"ఇప్పుడు నా వంతు," అంది ఉడత. మళ్లీ తన్నింది, గవ్వలు వేసింది. నాలుగు వెల్లకిలా.

"రాకాసి ఓడ కూలింది," అన్నాడు దున్న.

"ఇదేం న్యాయం? ఇద్దరికీ ఒకటే తుపాకా?" అంది నక్క.

"నువ్వేగా మామా అందరికీ ఒకే కొలతన్నావు," అంది ఉడత, ఏనుగు నెత్తినెక్కి కూర్చుని. "నాయకురాలిగా చెప్తున్నా. తాతకి తొండం దూరేంత మీట పెట్టు. నాకు చింతపిక్కంత పిడి చాలు. కొలిచి చెక్కు."

బయట వాన కురుస్తూనే ఉంది. నక్క గడ్డిపోచ తీసుకుని ఉడత అరచెయ్యి కొలుస్తోంది.

నీ చేతికి సరిపోయినంత మాత్రాన లోకానికి సరిపోయినట్టు కాదు.