పోయిన పోలయ్యకు వచ్చిన పింఛను

గరిటెలవారి అన్నదమ్ములకు తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, ఊళ్ళో ఎవరికి జలుబు చేసినా సలహా చెప్పడానికి ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. పెద్దవాడు వీరభద్రం, చిన్నవాడు నూకరాజు. పని కొబ్బరి దింపు.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే," అనేవాడు వీరభద్రం.

"అందులో మనల్ని మించినోడు లేడన్నయ్యా," అనేవాడు నూకరాజు. వాళ్ళమ్మ మంగాయమ్మ మాత్రం తల కొట్టుకునేది.

ఇలా ఉండగా వాళ్ళ నాన్న పోలయ్య కాలం చేశాడు. దినాలవ్వగానే మంగాయమ్మను ఆమె తమ్ముడు మూడు నెలలపాటు తన ఊరు తీసుకెళ్ళాడు. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛన్లు పంచే కొత్తతను వచ్చి తలుపు కొట్టాడు. నూకరాజు తీశాడు.

"పోలయ్యగారు ఊళ్ళో లేరా?"

"ఆయ్, లేరండి."

"ఎప్పుడొస్తారు?"

"ఏం చెప్పలేదండి."

"సరే, నువ్వే సంతకం పెట్టి తీసుకో. ఆయనకే ఖర్చుపెట్టాలి సుమా!"

అంతే. మొదటి నెల డబ్బుతో నాన్నకు గొడుగూ, కిర్రు చెప్పులూ కొన్నారు. రెండో నెల కళ్ళజోడు. కొలతల కోసం ఫొటో పట్టుకెళ్ళారు. మూడో నెల పళ్ళసెట్టు. అన్నీ ఫొటో కింద వరసగా పేర్చి, మురిసిపోతూ కూర్చున్నారు.

మంగాయమ్మ తిరిగొచ్చి చూసింది. "చచ్చినాయనకి పళ్ళెందుకురా!" అని లబోదిబోమంది. పాపం, గేదె ఒట్టిపోయింది, ఆమె చేతిలో చిల్లిగవ్వ లేదు. తనకు రావలసిన వితంతు పింఛనుకు అర్జీ పెట్టుకుంది. ఇంకేముంది, మొగుడి చావు సంగతి బయటపడింది. పోలయ్య పేరున నోటీసొచ్చింది: పోయాక తీసుకున్న పన్నెండు వేలూ తిరిగి కట్టాలి, పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. అప్పటిదాకా మంగాయమ్మకు పైసా రాదు.

"నాన్న పేరున వచ్చింది నాన్నే చూడాలి," అని నోటీసు ఫొటోకి చదివి వినిపించారు. కాగితం, కలం ముందు పెట్టి పదిహేను రోజులూ వంతులవారీగా కాపలా కాశారు. పదహారో రోజున ఆఫీసుకు పోయి గుమాస్తా శేషావతారాన్ని కలిశారు.

"మా నాన్న ఏం రాయలేదండి. బతికున్నప్పుడూ అంతేనండి, కాగితాలంటే చిరాకు," అన్నాడు నూకరాజు.

శేషావతారం ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, "బాబూ, ఆ డబ్బు మీరే కట్టాలి. ఒక్కసారే కట్టక్కర్లేదు. ఎలా తీసుకున్నారో అలాగే నెలనెలా తిరిగివ్వండి," అన్నాడు.

అంతే. దింపు కూలి కూడబెట్టి, ఒకటో తారీఖు కోడి కుయ్యకముందే శేషావతారం ఇంటి తలుపు దబదబా బాదారు.

"అవతారంగారూ, పింఛనండీ!"

ఆయన నోట్లో పళ్ళపొడితో, లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. నాలుగు వేలు చేతిలో పెట్టి సంతకం పెట్టమన్నారు. ఎదురింటివాళ్ళు చూసి, "ఈయనకప్పుడే పింఛనొచ్చే వయసా!" అని ముక్కున వేలేసుకున్నారు.

రెండో నెల శేషావతారం ముందురోజే అత్తారి ఊరు పారిపోయాడు. తలుపు ఆయన భార్య తీసింది.

"ఆయన ఊళ్ళో లేరు."

"ఎప్పుడొస్తారండి?"

"ఏం చెప్పలేదు."

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూకరాజు గుండెలు బాదుకున్నాడు. "అచ్చం మా నాన్నలాగే పోయారన్నయ్యా!" ఇంకేముంది, వీధంతా పోగైంది. ఆవిడ ఎంత మొత్తుకున్నా వినేదెవరు? వీరభద్రం పూలదండ తెచ్చి శేషావతారం ఫొటోకి వేసేశాడు. నూకరాజు మేళగాళ్ళను పిలుచుకొచ్చాడు.

మధ్యాహ్నానికి శేషావతారం బస్సు దిగి ఇంటికొచ్చి, తన ఫొటోకి దండ చూసి అక్కడే కూలబడ్డాడు. కూర్చున్నచోటు నుంచే చేతులు జోడించాడు.

"నాయనా, మిగతా రెండు నెలల బాకీ ఇప్పుడే కట్టేయండి. తక్కువైతే నేను వేసుకుంటాను. మీ అమ్మగారి పింఛను వచ్చే నెల నుంచే ఇప్పిస్తాను. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. మనిషి పోయిన కబురు ఆలస్యంగా చెప్పడం వల్లే ఇదంతా. ఇకమీద ఎంత ముందు చెబితే అంత మంచిది!"

బాకీ తీరింది. మంగాయమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒకటో తారీఖున తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, అరుగు మీద కూర్చుంది. పింఛనతను వచ్చి జాబితా చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ జాబితా చూశాడు.

"మంగాయమ్మగారు పోయినట్టుందిక్కడ. కొడుకులు రాసిచ్చారట."

"నేను బతికే ఉన్నాను కదరా!" అని గొల్లుమంది మంగాయమ్మ. పింఛనతను సంచీ మూసుకుని పక్కింటికి పోయాడు.

వీరభద్రం తల్లి పక్కన కూర్చుని, ప్రేమగా వీపు నిమిరాడు.

"ఎంత ముందు చెబితే అంత మంచిదన్నారు కదమ్మా, మొన్ననే చెప్పేశాం. తొందరేం లేదు. కాగితం పని అయిపోయింది, నువ్వు నీకు వీలైనప్పుడే పో."