సూరీడు ఎక్కిన విమానం

ఎవరికీ తెలియని నిజం ఒకటి నీలవేణికి దొరికింది. దాన్ని అందరి ముందూ ఎప్పుడు చెబుతానా అని ఆమె మనసు ఒకచోట నిలవడం లేదు.

ఆమె గురువు ఫాదర్ ఇన్నయ్య. కాలేజీలో చాలాకాలం చరిత్ర చెప్పి, రిటైరయ్యాక పట్నంలో చర్చి వెనక ఒక గదిలో ఉండేవారు. జీవితమంతా ఒకే పని మీద పెట్టిన మనిషి. విమానం మామూలు జనం బతుకుల్లోకి ఎలా వచ్చిందో వెతకడమే ఆ పని. తిరునాళ్ళలో ఫోటోలవాళ్ళు నిలబెట్టే అట్ట విమానం, అందులో కొత్త పెళ్ళికూతురితో బిగుసుకుపోయి కూర్చున్న పెళ్ళికొడుకు, విమానం బొమ్మ నేసిన చీర అంచు, మోత వినగానే మంచం కింద దూరిన ముసలివాళ్ళు, అన్నీ ఆయనకు చరిత్రే.

"విమానం చేసినవాళ్ళ గురించీ, నడిపినవాళ్ళ గురించీ చాలామంది రాశారమ్మా. తలెత్తి చూసినవాళ్ళ గురించి మనం రాద్దాం," అన్నారు, నీలవేణి ఆయన దగ్గర చేరిన కొత్తలో.

అలా వెతుకుతూనే ఆమె దొండపాలెం వెళ్ళింది. ఆ ఊరి పక్కన, రెండో ప్రపంచయుద్ధంలో మిలిటరీవాళ్ళు వేయించిన రన్‌వే ఉంది. యుద్ధం అయిపోయాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఊరివాళ్ళు దాని మీద నువ్వులూ మిరపకాయలూ ఎండబెట్టుకుంటున్నారు.

తొలిసారి వెళ్ళినరోజే ఆమె ఒక వింత చూసింది. పైన ఎక్కడో విమానం మోత వినిపించగానే పిల్లలు ఆటలు వదిలేసి వీధిలోకి పరుగెత్తారు. తలలెత్తి, చేతులూపుతూ ఒక్క గొంతుతో అరిచారు.

"సూరీడు మావా! గంజి సల్లారిపోతంది, దిగిరా!"

సూర్యుణ్ణి పిలుస్తున్నారేమో అనుకుంది నీలవేణి. కాదు. సూరీడు ఆ ఊరి మనిషి.

సూరీడి చెల్లెలు పైడమ్మ బతికే ఉంది. ఒంటిగదిలో ఒక్కతే ఉంటుంది. ఆమె చెప్పిన కథ ఇది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు అన్న రన్‌వే పనికి రాళ్ళు కొట్టడానికి వెళ్ళేవాడు. అతని పనితనం చూసి ఒక దొర ముచ్చటపడి విమానం ఎక్కించుకుపోయాడట. మళ్ళీ తీసుకురాలేదు. ఆ కబురు పంపినవాడు రన్‌వే పని చేయించే కాంట్రాక్టరు. అప్పటినుంచీ విమానం మోత వినబడితే చాలు, వాళ్ళ అమ్మ చేతిలో పని వదిలేసి బయటికి వచ్చి కొడుకుని పిలిచేది. గంజి చల్లారిపోతోంది, దిగిరారా అని. అమ్మ పోయింది. పిలుపు మిగిలింది. ఊరి పిల్లలు దాన్ని అందుకున్నారు.

"ఏ దేశంలో ఉన్నాడో, ఏటో," అనేది పైడమ్మ కథ చివర. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలో కొంచెం గర్వం కూడా కనిపించేది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో మొదట విమానం ఎక్కినవాడు తన అన్నే కదా.

నీలవేణి ఆ ఇంటికి చాలాసార్లు వెళ్ళింది. పైడమ్మ గొంతును టేప్ రికార్డర్‌లో ఎక్కించింది. దొండపాలెం బడిలోనే వీటన్నిటి మీదా ఒక ప్రదర్శన పెట్టాలన్న ఆలోచన కూడా నీలవేణిదే. ఫాదర్ సరేనన్నారు.

ప్రదర్శన ఇంకో రెండు రోజులుందనగా నీలవేణి ఒక బోర్డు చంకలో పెట్టుకుని గురువు గదికి వచ్చింది.

"ఫాదర్, సూరీడు విమానం ఎక్కలేదు."

ఆయన చదువుతున్న పేపరు పక్కన పెట్టారు.

సూరీడితో కలిసి పనిచేసిన గవరయ్య అనే ఆయన సముద్రం ఒడ్డున ఒక పల్లెలో కూతురి దగ్గర ఉన్నాడని ఆమెకు తెలిసింది. వెళ్ళి కలిసింది. మనుషులు తాళ్ళతో లాగే పెద్ద రాతి రోలరు పల్లం వైపు జారిపోయిందట. సూరీడు దాని కింద పడ్డాడు. నిజం తెలిస్తే కూలీలు పని మానేస్తారని కాంట్రాక్టరు శవాన్ని రన్‌వే చివర పూడ్పించి, ఇంటికి ఆ విమానం కబురు పంపాడు. చూసినవాళ్ళని బెదిరించాడు. గవరయ్య భయపడి కలకత్తా జనపనార మిల్లుకి పోయాడు. మళ్ళీ దొండపాలెం మొహం చూడలేదు.

అవన్నీ బోర్డు మీద చక్కగా ఉన్నాయి. రన్‌వే ఎందుకు వేశారో, రోలరు ఎంత బరువు ఉండేదో, ఆ రోజుల్లో కూలీల చావులు ఎలా దాచిపెట్టేవారో. పైన పెద్ద అక్షరాలతో ఒక శీర్షిక. 'ఒక అబద్ధం వెనక'.

ఫాదర్ కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివారు.

"గవరయ్య మాట ఒక్కటేనా?"

"కాదండీ. అక్కడే పనిచేసిన ఇంకొకాయన కొడుకుని కూడా కలిశాను. వాళ్ళ నాన్న చెప్పిందీ, ఇదీ ఒక్కటే. పూడ్చిన చోటు కూడా ఇద్దరూ ఒకటే చెప్పారు."

"అయితే నిజమే."

"పెట్టమంటారా?"

"నిజమైతే పెట్టాల్సిందే."

నీలవేణి మొహం విప్పారింది. ఇన్నేళ్ళుగా ఒక ఊరు ఊరంతా నమ్మినదాన్ని తాను అబద్ధమని తేల్చింది. ఆ సంతోషం దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

"దీన్ని మొదట ఎవరు చదువుతారమ్మా?" అని అడిగారు ఫాదర్.

"ప్రారంభానికి యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ గారు వస్తున్నారు కదండీ. ఆయనకే మొదట చూపిద్దామని."

ఫాదర్ లేచి గోడకున్న గొడుగు తీసుకున్నారు. బోర్డు ఎత్తి తన చంకలో పెట్టుకున్నారు.

"పద," అన్నారు.

బస్సులో సీటు దొరకలేదు. "నాకివ్వండి ఫాదర్," అని ఆమె ఎంత అడిగినా ఆ పెద్దాయన బోర్డు వదల్లేదు. దొండపాలెంలో దిగాక కూడా బడి వైపు తిరగలేదు. నేరుగా పైడమ్మ ఇంటికి నడిచారు. అప్పుడు అర్థమైంది నీలవేణికి, ఆ నిజం మొదట ఎవరికి చెప్పాలో.

పైడమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటోంది. ఇద్దర్నీ చూసి నవ్వింది.

"ఏటి ఫాదరు బాబూ, ఇంతెండలో ఒచ్చీసినారు? కూకోండి. బడికాడ పండగ ఎల్లుండి గదా? నాను కొత్త కోక కట్టుకుని ఒత్తాను. మా అన్న కత అందరికీ నానే సెప్తాను."

ఫాదర్ అరుగు మీద కూర్చున్నారు. బోర్డును పక్కన నిలబెట్టారు, రాత గోడ వైపుకి ఉండేలా.

నీలవేణి బోర్డు వైపు చూసింది. అట్ట వెనక వైపు మాత్రమే కనబడుతోంది. గురువు వైపు చూసింది. ఆయన తన చేతుల వైపు చూసుకుంటున్నారు.

"ఏటి తల్లీ, అలాగుండిపోనావు?" అంది పైడమ్మ.

నీలవేణి వెళ్ళి ఆమె ముందు కింద కూర్చుంది. బోర్డు మీది వాక్యాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"మామ్మా," అంది. "మామ్మా, మీ అన్న ఏ దేశమూ పోలేదు."

పైడమ్మ చెయ్యి బియ్యంలో ఆగింది.

తర్వాత ఆ అమ్మాయి చిన్న చిన్న మాటలతో చెప్పింది. రోలరు జారిందని. సూరీడు దాని కింద పడ్డాడని. కాంట్రాక్టరు అబద్ధం కబురు పంపాడని. ఈ ఊళ్ళోనే, రన్‌వే చివరే ఉన్నాడని. బరువులూ లెక్కలూ ఏవీ ఆ మాటల్లోకి రాలేదు.

పైడమ్మ ఏడవలేదు. మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఒక మట్టిబెడ్డ తీసి పారేసింది. ఇంకొకటి తీసింది. తర్వాత మంచి గింజలే తీసి పారేయసాగింది.

ఫాదర్ లేచి లోపలికి వెళ్ళారు. కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఆమె తాగలేదు. ఆ నీళ్ళ వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఆడికెవలైనా నీళ్ళిచ్చినారా తల్లీ?" అని అడిగింది.

నీలవేణి ఉలిక్కిపడింది. ఆ మాట తన దగ్గర ఉంది. గవరయ్య చెప్పాడు. బోర్డు రాసేటప్పుడు తానే తీసేసింది, చరిత్రకు దీనితో ఏం పని అని.

సంచీలోంచి టేప్ రికార్డర్ తీసింది. కాసెట్ వెనక్కీ ముందుకీ తిప్పి, ఆ చోటు వెతికి పట్టుకుంది. ముసలి గొంతు ఒకటి దగ్గుతూ అరుగు మీదికి వచ్చింది.

"...ఆడి తలకాయి నా ఒళ్ళో ఎట్టుకున్నాను. నీళ్ళడిగినాడు. నా సొరబుర్రలో ఉంటే పోసినాను. తాగీసి, సల్లగున్నాయిరా గవరా, అన్నాడు. అంతే. మరి మాటాడనేదు."

"మళ్ళీ ఎట్టు," అంది పైడమ్మ.

నీలవేణి మళ్ళీ పెట్టింది. మూడోసారి అడిగినప్పుడు కూడా పెట్టింది. అప్పుడు పైడమ్మ చెంబెత్తి నీళ్ళు తాగింది. తాగుతుండగా ఏడుపొచ్చింది. సగం నీళ్ళు కోక మీద పడ్డాయి. నీలవేణి ఆమెను పొదివి పట్టుకుంది. ఫాదర్ బియ్యం చేట పక్కకి జరిపి, తలవంచుకుని కూర్చున్నారు.

"ఆ గవరయ్య బాబుని ఒకపాలి సూడాల," అంది పైడమ్మ చివరికి. "ముందు మావోడి కాడికి తీసికెళ్ళండి."

ముగ్గురూ రన్‌వే దాకా నడిచారు. దారి పొడుగునా మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. చివర, సిమెంటు అయిపోయినచోట, తుమ్మ మొక్కల మధ్య కొంచెం ఖాళీ నేల ఉంది. గవరయ్య చెప్పిన చోటు అదే. పైడమ్మ అక్కడ కూర్చుని అరచెయ్యి నేల మీద ఆనించింది. చంటిపిల్లాడికి జ్వరం ఉందా లేదా అని చూసినట్టు.

"రోజూ ఈ పక్కనుంచే పుల్లలకి పోతాన్రా," అంది మెల్లిగా.

అప్పుడే విమానం మోత వినిపించింది. ఊళ్ళోంచి పిల్లల అరుపులు లేచాయి. సూరీడు మావా అని. నీలవేణికి ప్రాణం ఉసూరుమంది. వాళ్ళని ఆపాలని గబగబా రెండడుగులు వేసింది.

"అరవనీ తల్లీ," అంది పైడమ్మ, తల ఎత్తకుండానే. "అది మాయమ్మ పిలుపు."

మోత దూరమై ఆగిపోయింది. నీలవేణి వెనక్కి వచ్చి గురువు పక్కన నిలబడింది. కళ్ళు తుడుచుకుంది.

"ఆ బోర్డు తీసేస్తాను ఫాదర్."

ఆయన జవాబు చెప్పేలోపు పైడమ్మ ఇటు తిరిగింది.

"ఎందుకు తీసీడం? అందరికీ తెలీనీ. ఈ రన్నివే కింద మావోడున్నాడని తెలీనీ. ఇన్నాళ్ళూ దొరలే ఏసినారనుకుంటన్నారు గదా జనం." ఒక్క క్షణం ఆగి అంది. "అబద్ధమని మాత్రం పెద్ద పెద్ద అచ్చరాలు ఎట్టకు. మాయమ్మ ఆ మాట మీదే బతికింది."

శీర్షిక సంగతి ఆమెకి ఎలా తెలిసిందా అనుకుంది నీలవేణి. తర్వాత గుర్తొచ్చింది. కిందటిసారి వచ్చినప్పుడు తానే చెప్పింది, ఒక అబద్ధాన్ని పెద్ద పెద్ద అక్షరాలతో బయటపెట్టబోతున్నాను మామ్మా, చూస్తూ ఉండు, అని. నవ్వుతూ చెప్పింది.

పైడమ్మ మళ్ళీ నేల వైపు తిరిగింది. ఎండుటాకులు ఒక్కొక్కటీ ఏరి పక్కన పెడుతోంది.

"మరి ఎలా మొదలుపెట్టాలి ఫాదర్?" నీలవేణి గొంతు తగ్గించి అడిగింది. "మొదటి వాక్యం ఏం రాయాలి?"

ఫాదర్ ఇన్నయ్య గొడుగు విప్పి ఆమె చేతికిచ్చారు. పైడమ్మ మీద ఎండ పడుతోంది.

"నన్నడుగుతావేమమ్మా?" అన్నారు. "నేను ఆ అబ్బాయిని చూడలేదు."

అని, మిరపకాయల పక్కనుంచి ఊరి వైపు మెల్లిగా నడిచి వెళ్ళిపోయారు.

నీలవేణి వెళ్ళి పైడమ్మ నెత్తి మీద గొడుగు పట్టింది.

"మామ్మా, మీ అన్న ఎలా ఉండేవాడు?"

ఇన్నిసార్లు వచ్చింది గానీ ఆ మాట ఎన్నడూ అడగలేదు. పైడమ్మ తలెత్తి ఆమె వైపు చూసింది. కొంచెం పక్కకి జరిగి, అన్న దగ్గర ఆమెకి కూడా చోటిచ్చింది.