పేర్రాజు గారి కాగితం కొండ

మా పేటలో తెలివంతా ఒకే ఇంట్లో ఉండిపోయిందని ఆ ఇంటివాళ్ళే చెబుతారు. ఎవరూ కాదనరు. కాదంటే కూర్చోబెట్టి వివరిస్తారు, అదీ భయం.

ఇంట్లో ఉన్నది నలుగురు. తల్లి చిట్టెమ్మ, పెద్దకొడుకు గవర్రాజు, వాడి భార్య మంగ, చిన్నకొడుకు బుల్లెబ్బాయి. తండ్రి పేర్రాజు పోయి రెండేళ్ళయింది. పోతూ పోతూ ఆయన ఇంటికి మిగిల్చిన ఆస్తి ఒక కొండ. నిజం కొండ కాదు లెండి. పాత పేపర్లు నానబెట్టి, మెంతులు రుబ్బి కలిపి, ఆ గుజ్జుతో చేసిన జానెడు కొండ. పచ్చరంగు వేసి, సైనికులు ఎక్కడానికి చుట్టూ సన్నటి మెట్లు తీర్చాడు.

ఎందుకంటే మా పేటలో ముట్టడి ఆట ఉంది. పెద్ద బల్ల మీద వేలెడంత సైనికుల్ని రెండు దండులుగా నిలబెడతారు. పాచిక వేసి, ఎన్ని పడితే అన్ని అంగుళాలు టేపుతో కొలిచి ముందుకు జరుపుతారు. కొండలు, చెట్లు, వంతెనలు ఎవరింట్లో వాళ్ళు చేసి తెచ్చుకోవాలి. ప్రతి ఏడూ వేసవిలో రీడింగ్ రూములో రేవు వీధి వాళ్ళతో పోటీ. పేర్రాజు బతికుండగా ఆయన కొండ బల్ల మీద లేని పోటీ జరగలేదు.

ఇలా ఉండగా పోటీకి వారం ముందు ఆట సంఘం కాగితం పంపింది. నిబంధనలు మారాయి. ఒకటి, సైనికుడి కాళ్ళకింద పీట ఇకనుంచి రూపాయి బిళ్ళంత ఉండాలి, ఆ పీటతో సైనికుడు కొండ మీద జారకుండా నిలవాలి. రెండు, కొండ మొత్తం ఒకే రంగులో ఉండాలి. ఈ రెండూ లేని కొండ బల్ల మీదికి రాదు.

రంగుకి ఢోకా లేదు. బుల్లెబ్బాయి అట్టముక్క గుండ్రంగా కత్తిరించి సైనికుడికి పీట అతికించి, కొండ మీద పెట్టాడు. మెట్టు సన్నం, పీట వెడల్పు. సైనికుడు జారి కింద పడ్డాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడ్డాడు. పదకొండుసార్లు పెట్టి, "వీడికి ఒంట్లో బాగోలేదన్నయ్యా" అన్నాడు.

సంఘం పెద్ద కామేశం మాష్టారు. ఆయన్ని అడిగితే, "దానికేముందిరా, కత్తితో ఆ మెట్టు కాస్త వెడల్పు చెయ్యండి" అన్నారు.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పేసరికి చిట్టెమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీ నాన్న వేళ్ళ గుర్తులున్నాయిరా దాని మీద. కొండ మీద కత్తి పడడానికి వీల్లేదు. బల్ల మీదికి రాకుండా పోడానికీ వీల్లేదు. ఏం చేస్తారో చెయ్యండి."

కొడుకులిద్దరూ తలలు పట్టుకు కూర్చున్నారు. సాయంత్రానికి గవర్రాజుకి తట్టింది. "ఒరే తమ్ముడూ, కొండ ఏటవాలుగా ఎందుకుంది? బల్ల చదునుగా ఉండబట్టి. బల్ల ఏటవాలుగా ఉంటే కొండ చదునవుతుంది గదా."

అంతే. బల్ల రెండు కాళ్ళకింద నాలుగేసి ఇటుకలు పెట్టారు. కొండ ఒక పక్క చక్కగా చదునయింది. సైనికుడు నిలబడ్డాడు. నలుగురూ చేతులు కట్టుకుని కాసేపు చూశారు. ఈలోగా మిగిలిన దండు, బీరపీచుతో చేసిన చెట్లు, పుల్లల వంతెన అన్నీ జారి నేలమీదికొచ్చాయి.

"కొండ మీదవాడు నిలబడితే కింద ఉన్నవాళ్ళు పడుతున్నారేంటి?" అన్నాడు బుల్లెబ్బాయి.

"ఓర్వలేక," అంది మంగ. ఆమె అంతటితో ఊరుకోకుండా తుమ్మజిగురు గిన్నె తెచ్చి సైనికుల్ని, చెట్లని, వంతెనని బల్లకి అతికించేసింది. మామగారి కొండకి మాత్రం జిగురు పుయ్యడానికి చెయ్యి రాలేదు. దాని బరువుకి అదే నిలిచింది.

పోటీ రోజు రానే వచ్చింది. ఆట నాలుగింటికి. పొద్దున్నే ఒకసారి ఆడి చూసుకుందామని పాచిక వేశారు. నాలుగు పడింది. సైనికుణ్ణి జరపబోతే రాడు. లాగితే తల వచ్చేలా ఉంది.

గవర్రాజు నవ్వాడు. "సైనికుడు ఎక్కడున్నాడు? బల్ల మీద. బల్ల నాలుగంగుళాలు జరిగితే వాడు జరిగినట్టా కాదా?"

ఇంకేముంది, బల్లని గుమ్మం వైపు నాలుగంగుళాలు లాగారు. మంగ వెనకాలే ఇటుకలు జరిపింది. మళ్ళీ పాచిక, మళ్ళీ లాగుడు. వీళ్ళ దండు ఎంత ముందుకెళ్ళినా ఎదటి దండు అంతే దూరంలో ఉంది. "పారిపోతున్నారన్నయ్యా" అని బుల్లెబ్బాయికి హుషారొచ్చింది. వరసగా ఆర్లు పడేసరికి బల్ల వెళ్ళి గుమ్మంలో ఇరుక్కుంది.

"గుమ్మం కొయ్యమంటావా అమ్మా?" అని అడిగాడు గవర్రాజు.

"కొయ్యండి. గుమ్మం మీ నాన్న చేసింది కాదుగా," అంది చిట్టెమ్మ.

రంపం తెచ్చి ద్వారబంధం రెండు పక్కలా కోసేశారు. తలుపులు తీసి గోడకి ఆనించారు. దండు వీధిలో పడింది. పాచిక వేయడం, అంగుళాలు లాగడం, ఇటుకలు పెట్టడం. పదకొండయ్యేసరికి కామేశం మాష్టారి ఇంటి ముందుకొచ్చారు. అక్కడ మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలాయి.

తడిస్తే కొండ మళ్ళీ గుజ్జయిపోతుంది.  గవర్రాజు రెండు చేతులా కొండని ఎత్తి పొట్టకి అదుముకుని మాష్టారి వరండాలోకి పరిగెత్తాడు.

మాష్టారు బయటికొచ్చి చూస్తే వీధిలో వంకర బల్ల, బల్ల నిండా కదలని సైన్యం, వరండాలో కొండని ఎత్తుకున్న గవర్రాజు. జరిగిందంతా విన్నారు. గుమ్మం కోసిన మాట దగ్గరికొచ్చేసరికి కుర్చీలో కూలబడ్డారు. కొండ వంక చూశారు.

"పేర్రాజు ఇది చేస్తుంటే మెంతులు రుబ్బింది నేనేరా. కత్తి పెట్టమన్నప్పుడు అది నాకు తట్టకపోయింది," అన్నారు. వెంటనే కాగితం తీసి రాసి, చదివి వినిపించారు. "ఈ కొండకు కొత్త నిబంధనల నుంచి మినహాయింపు ఇవ్వడమైనది. ఇది ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఎవరూ కదపరాదు, మార్చరాదు."

బల్ల వెనకాలే వచ్చిన చిట్టెమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. "మీ ఋణం తీర్చుకోలేం అన్నయ్యగారూ."

"అదేం మాటమ్మా. గవర్రాజూ, ఇక కొండ దించి విశ్రాంతి తీసుకో."

"ఎలాగండి మాష్టారూ? కదపరాదని రాశారు గదండి."

"ఒరే, ఆట మధ్యలో కదపకూడదనిరా."

"ఆ ముక్క కాగితంలో లేదండి," అన్నాడు బుల్లెబ్బాయి, వేలుపెట్టి చదివి చూపిస్తూ. "ఇప్పుడు ఎలా ఉందో అలాగే అని ఉందండి. ఇప్పుడు అన్నయ్య చేతుల్లో ఉందండి."

మాష్టారు తల కొట్టుకున్నారు. కాగితం సవరించాలంటే సంఘం కార్యదర్శి సంతకం కావాలి. ఆయన రీడింగ్ రూములో ఉన్నారు. "ఎవరూ ఏమీ చెయ్యకండి, నేనొచ్చేదాకా," అని చెప్పి గొడుగేసుకుని వెళ్ళారు.

మంగ ఇంటినుంచి కేరేజీ తెచ్చి మొగుడికి ముద్దలు కలిపి పెట్టింది. మాగాయీ పెరుగూ తిన్నాక గవర్రాజుకి కళ్ళు మూతలు పడసాగాయి. నిలబడే తూగుతున్నాడు.

"అయ్యో, కునుకు పట్టి వదిలేస్తాడేమో," అంది చిట్టెమ్మ. "వాళ్ళ నాన్న కొండ."

ఏమీ చెయ్యొద్దని మాష్టారు చెప్పిన మాట అందరికీ గుర్తుంది. కానీ కొండ పడిపోతే ఏదో చేసినట్టే గదా. బుల్లెబ్బాయి ఇంటికెళ్ళి జిగురు గిన్నె తెచ్చాడు. కొండకి పుయ్యలేదు, అది తప్పు. అన్నయ్య అరచేతులకి పూశాడు.

అంతే. గవర్రాజు హాయిగా గోడకి ఆనుకుని గురక పెట్టాడు.

నాలుగింటికి మాష్టారు, కార్యదర్శి, రేవు వీధి వాళ్ళు అందరూ వచ్చారు. సవరించిన కాగితం మీద రెండు సంతకాలున్నాయి. "కొండను బల్ల మీద పెట్టవచ్చును" అని చదివారు. గవర్రాజు సంతోషంగా వెళ్ళి కొండని రీడింగ్ రూము బల్ల మీద పెట్టాడు. కొండ దిగింది. చేతులు రాలేదు.

"వేణ్ణీళ్ళు పోద్దాం," అన్నారు కార్యదర్శి.

"పోస్తే మా ఆయన కరిగిపోతాడు," అంది చిట్టెమ్మ. కత్తి మాట ఎవరూ ఎత్తలేదు.

చివరికి మాష్టారే సర్దిచెప్పారు. గవర్రాజు బల్ల మీదికి వంగి, కొండని పట్టుకుని అలాగే ఉండేటట్టు, వీధిలో బల్లకి అతుక్కున్న దండు బదులు సంఘం సైనికులతో ఆట మొదలుపెట్టేటట్టు రేవు వీధి వాళ్ళని ఒప్పించారు. పేర్రాజు కొండ మళ్ళీ బల్ల మధ్యకొచ్చింది. అది చూసి చిట్టెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మాష్టారు కూడా అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన పాచిక చేతిలోకి తీసుకున్నారు.

"ఆగండి మాష్టారూ," అన్నాడు బుల్లెబ్బాయి. "మినహాయింపు కొండకిచ్చారండి. అన్నయ్యకివ్వలేదండి. ఇప్పుడు అన్నయ్య కొండకి అతుక్కుని ఉన్నాడు. కొండ మొత్తం ఒకే రంగులో ఉండాలని రెండో నిబంధన. ఇంతదాకా వచ్చి మా కొండని పక్కన పెట్టేస్తే మేం ఊరుకోమండి."

మాష్టారు నోరు తెరిచేలోపు మంగ ఇంటికెళ్ళి పచ్చరంగు డబ్బా, కుంచె తెచ్చింది. ముందు మోచేతులకి వేసింది. తర్వాత చొక్కాకి, పంచెకి, మెడకి, చెవులకి వేసింది. గవర్రాజు కదల్లేదు, కొండ కదలకూడదు గదా. మొగుడి ముఖం దగ్గర ఆగి అత్తగారి వైపు చూసింది.

"మీసాలకి కూడానా అత్తయ్యా?"

"వెయ్యమ్మా," అంది చిట్టెమ్మ. "మీ మామగారు ఏ పనీ సగంలో వదిలేవారు కాదు."