రత్నంగారు ఇచ్చేసిన సోర్స్

పరబ్రహ్మం మాస్టారి దగ్గర జావా నేర్చుకునేవాళ్ళకు ఒక పీడ ఉండేది. ఎవరైనా రాసిన కోడును నడిచే ప్రోగ్రాంగా కూర్చి, "బిల్డ్ అయింది మాస్టారూ" అని సంబరంగా చెబితే చాలు, నెట్ నుంచి తెచ్చుకున్న విడిభాగాలను మెషీన్ దాచిపెట్టుకునే ఫోల్డరును తుడిపించి, మళ్ళీ మొదటినుంచీ బిల్డ్ చేయించేవారు.

సుదక్షిణకు ఒకరోజు ఒళ్ళు మండింది. "ఒకసారి అయ్యాక అయినట్టే కదండీ. నా పని మీద అంత అనుమానమెందుకు?" అని అడిగేసింది.

మాస్టారు తన కంప్యూటర్ తెరిచారు. చనిపోయిన తన మిత్రుడు జోసెఫ్ రత్నం ప్రాజెక్టు చూపించి, "ఇది బిల్డ్ చేసి పెట్టమ్మా. అంధుల బడిలో పిల్లలు ఎదురుచూస్తున్నారు" అన్నారు.

తెర మీది తెలుగును పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. ఆ పిల్లల చదువంతా దానితోనే సాగేది. అది ఉన్న ఒక్క కంప్యూటరూ మొన్నటి పిడుగుకు మాడిపోయింది. అయితేనేం, రత్నంగారు తాను రాసిన కోడు, ఆ సోర్స్ అంతా నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టి పోయారు.

సుదక్షిణ దాన్ని దించుకుని బిల్డ్ మొదలుపెట్టింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఒక్క భాగం దగ్గర ఆగిపోయింది. అక్షరాన్ని గొంతుగా మార్చే భాగమది. ఎంత వెతికినా నెట్‌లో ఎక్కడా లేదు. రత్నంగారు దాన్ని విడిగా తయారుచేసి, తన మెషీన్ విడిభాగాలు దాచుకునే ఆ ఫోల్డరులోనే చేత్తో పెట్టుకుని ఉంటారు. ఆయనకది ఎప్పుడూ దొరికేది కాబట్టి బిల్డ్ ఏనాడూ ఆగి ఉండదు.

ఆ మెషీన్ కోసం ఆమె రత్నంగారింటికి వెళ్ళింది. ఆయన భార్య కరుణమ్మ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది.

"ఆ కంప్యూటర్ కళ్ళబడితే దుఃఖం ఆగేది కాదమ్మా. లోపలిదంతా తుడిపించేసి ఎవరికో ఇచ్చేశాను. రాసిందంతా లోకానికిచ్చేశానని ఆయనే అనేవారుగా, ఇక పోయేదేముందిలే అనుకున్నా" అంది. కాసేపాగి, "పిల్లలకు మళ్ళీ ఎప్పుడు వినబడుతుంది?" అని అడిగింది.

 సుదక్షిణ త్వరలోనేనండీ అని అబద్ధం చెప్పి బయటపడింది.

మాస్టారి ముందు కూర్చుని జరిగింది చెబుతుంటే ఏడుపు ఆగలేదు. "ఆయన అంతా ఇచ్చేశానని ఎలా అనుకున్నారండీ?"



"రత్నం అబద్ధమాడే మనిషి కాదమ్మా" అన్నారు మాస్టారు. "ఆ ఫోల్డరు ఒక్కసారీ తుడిచి చూసుకోలేదంతే. వాడి గదిలో కూర్చుని చూస్తే, ఇవ్వాల్సింది ఇంకేమీ మిగల్లేదు."