బరకం మాత్రం తడవలేదు

మా ఊళ్ళో ఎవరికైనా సలహా కావాలంటే మా ఇంటికి మాత్రం రారు. అంత పెద్ద తెలివి తమకు అరగదని వాళ్ళ భయమట. అలాగని మా తాత నూకయ్య చెబుతాడు. తాత, నాన్న, అమ్మ, నేను, మేం నలుగురం. ఎవరైనా మంచిమాట చెబితే అక్షరం పొల్లుపోనివ్వం.

ఆ ఏడు మా ఇంటి పెంకులు సగం పగిలిపోయాయి. వాన పడితే కంచంలో అన్నం దానంతటదే చారన్నమయ్యేది. వరి అమ్మి కొత్త పెంకులతో ఇల్లు నేయించాలని నలుగురం ఒట్టేసుకున్నాం.

"తుపాన్ల రోజులు. ఆకాశం చూసుకుంటూ కోయండి" అన్నాడు పక్క చేను బంగార్రాజు. ఇంకేముంది, కొడవళ్ళు పట్టుకుని, తలలు పైకెత్తి, చూపు దించకుండా కోశాం. మధ్యాహ్నానికి మబ్బు రాలేదు గానీ బంగార్రాజు వచ్చాడు. మేం కోస్తున్నది ఆయన చేనట.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారయ్యా?"

"మీరు పెట్టమన్న చోటేనండి" అన్నాడు నాన్న.

ఎలాగో మా చేను కూడా కోసి, నూర్చి, ధాన్యం ఆరబోయడానికి కొత్త బరకం కొన్నాం. "తడి తగలనివ్వకండి, చాలాకాలం మన్నుతుంది" అన్నాడు కొట్టువాడు. ధాన్యం ఆరబోశామో లేదో మబ్బేసింది. ఊరంతా ధాన్యం మీద బరకాలు కప్పారు. మేం బరకం చుట్టి కింద పెట్టి, దాని మీద ధాన్యం కుప్ప పోశాం. చినుకు దూరకుండా అమ్మ పక్కల్నించి కూడా ఎగదోసింది. వాన దంచి కొట్టింది. వెలిశాక తీసి చూస్తే బరకం పొడిగా ఉంది. పాపం, ఊళ్ళోవాళ్ళ బరకాలన్నీ తడిసిపోయాయి.

మా ధాన్యం మొలకెత్తింది. దున్నకుండానే రెండో పంట అని తాత మురిసిపోయాడు. ధాన్యం కొనే గవరయ్య మాత్రం మురవలేదు.

"మంచి సరుక్కే ధర లేదు నూకయ్యా. అందరూ ఒక్కసారే తెచ్చి పోస్తుంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? సరుకు తగ్గాలి, అప్పుడు లేస్తుంది."

సరుకు తగ్గాలట. అంతే, ఇంటికొచ్చి తగ్గించడం మొదలుపెట్టాం. బాతులు మేపేవాణ్ణి పిలిచి మందని ధాన్యం మీదికి వదలమన్నాం. మంచి గింజ, మొలక గింజ అని తేడా చూడలేదు. మాకు పక్షపాతం లేదు. తాత రోజూ పొద్దున్నే గవరయ్య దగ్గరికి వెళ్ళి, "మా వంతు తగ్గించాం బాబూ, లేచిందా?" అని అడిగేవాడు. లేవలేదంటే మళ్ళీ బాతులు.

ధాన్యం పూర్తిగా అయిపోయాక ఎగువన వరదలొచ్చి చేలన్నీ మునిగాయి. ధర అమాంతం లేచింది. అదంతా మన బాతుల చలవే అన్నాడు తాత.

"మరి అమ్మడానికి మన దగ్గర ఏముంది?" అంది అమ్మ.

మా ఇంట్లో అలాంటి ప్రశ్న అంతకుముందు ఎవరూ వేయలేదు.

చివరికి నాన్నే దారి కనిపెట్టాడు. "ఇంత ధర ఉండగా ఊరికే కూర్చుంటామా? ధాన్యం కొందాం. అది అమ్మితే పెంకులొస్తాయి."

కొనడానికి ఏమివ్వాలి? అందరం పైకి చూశాం. పైకి చూడ్డం మాకు అలవాటే. పగలని పెంకులన్నీ దింపి గవరయ్యకిచ్చి, ఆయనిచ్చిన నాలుగు బస్తాలు మోసుకొచ్చాం. మీలాంటివాళ్ళు చల్లగా ఉండాలని దీవించి మరీ పంపాడాయన.

బస్తాలు దింపామో లేదో వాన. అదీ ఇంట్లోనే. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. పెంకుల కోసం బయల్దేరి ఉన్న పెంకులు కూడా పోగొట్టుకున్నామని ఆ వానలో నాకు తట్టింది. మా వంశంలో అలాంటిది తట్టడం అదే మొదటిసారి. చెబుదామని నోరు తెరిచాను.

"ఒరే, బరకం" అని కేకేసింది అమ్మ.

నిజమే, ఆ గొడవలో మర్చేపోయాను. పరిగెత్తి బరకం తెచ్చి నడింట్లో పెట్టాను. బస్తాలు విప్పి ధాన్యమంతా దాని మీద పోశాం. అదీ చాలదేమోనని నలుగురం చుట్టూ చేరి, దాని మీదికి వంగి, వీపులు వానకి అప్పగించి నిలబడ్డాం.

"తడిసిందట్రా?" అన్నాడు తాత, గడ్డం మీంచి నీళ్ళు కారుతుంటే.

ధాన్యంలోకి చెయ్యి దూర్చి చూశాను. "లేదు తాతా."

"ఇంకేం మరి" అన్నాడు తాత. "ఇంటికి కప్పు లేకపోతేనేం, వానలో తడవకుండా కప్పుకోడానికి బరకం ఉందిగా. ముందు వాన తగ్గనీ, అప్పుడు కప్పుకుందాం."