ఇనుప మేకులూ కొబ్బరి తాడూ

తెలియని విషయం మీద కూడా గంభీరంగా మాట్లాడగలగడం నాకున్న సుగుణం. విన్నవాళ్ళు నన్ను పండితుడనుకుంటారు. వాళ్ళ మనసు నొప్పించడం ఇష్టంలేక నేనూ కాదనను. ఆ ధైర్యంతోనే ఈ కథ.

అనగనగా, రేవు కట్టడం ఇంకా ఎవరికీ చేతకాని రోజుల్లో, అలలపాడు అనే పట్నం ఉండేది. ఒడ్డున అలలు మేడంత లేచేవి. అందుకని నావలు దూరాన లంగరు వేసుకుంటే, మనుషుల్ని చిన్న పడవలు ఒడ్డుకు చేర్చేవి.

ఒకసారి తుఫానుకు ఆ పడవలన్నీ కొట్టుకుపోయాయి. సరిగ్గా అప్పుడే రాజుగారి కూతురి నావ వచ్చి ఆగింది. అందులో మంచినీళ్ళు అడుగంటాయి.

“అన్నిటికన్నా గట్టిది ఏది?” అన్నాడు రాజు.

“ఇనుము ప్రభూ!” అన్నాడు కమ్మరి మౌనాచారి. ఆయనకు మౌనం పేరులోనే ఉంది.

టేకు పలకలకు ఇనుప మేకులు దిగ్గొట్టి పడవ చేశారు. అల దాన్ని ఎత్తి ఇసుక మీద కొట్టింది. మేకులు చెక్కుచెదరలేదు. మేకు దిగిన చోటల్లా పలక చీలింది.

“మేకులు చాలలేదు,” అన్నాడు రాజు.

రెండో పడవకు మరిన్ని మేకులు, పైన ఇనుప పట్టీలు. ఆ బరువుకు అది అలతోపాటు లేవలేదు. అలే దాని మీదుగా నడిచిపోయింది. తెడ్డు వేసేవాళ్ళు ఈదుకుంటూ వచ్చారు.

పక్కనే పడవలు కట్టే నూకాలు, పలకల అంచున బెజ్జాలు పెట్టి కొబ్బరి తాడుతో కుడుతోంది.

“పడవ కడుతున్నావా నూకాలూ, బొంత కుడుతున్నావా?” అన్నాడు మౌనాచారి.

“బొంతే ఆచారీ. నువ్వు తడిసి వణుకుతుంటే కప్పుదామని!”

అల ఆ మూడో పడవనూ కొట్టింది. కుట్లు కాస్త సాగాయి. పడవ ఒంగింది, మూలిగింది, మళ్ళీ సర్దుకుంది. నీళ్ళు కారాయి, చిప్పలతో తోడేస్తూ నావదాకా వెళ్ళొచ్చారు. రాకుమారి పాదాలు తడుపుకుని ఒడ్డెక్కింది.

రాజు పొంగిపోయాడు. “ఇకనుంచి అన్నీ కొబ్బరి తాడే! ఇనుమునూ ఈ కమ్మరినీ ఊరు దాటించండి!”

మౌనాచారి మొదటిసారి పేరుకు తగ్గట్టు నిలబడ్డాడు.

“ఆగండి ప్రభూ,” అంది నూకాలు. “నా పలకలకు బెజ్జాలు పెట్టిన బరమా ఈయన చేసిందే. రేపు లంగరు కూడా పీచుతో చేయిస్తారా? హాయిగా తేలుతుంది, నావ కొట్టుకుపోతుంది.”

రాజు తికమకపడ్డాడు. “అయితే ఇంతకీ ఏది గట్టిది?”

“దేనికి ప్రభూ?” అంది నూకాలు.

రాకుమారి ఫక్కున నవ్వింది. రాజు నవ్వలేదు. కమ్మరి చెయ్యి పట్టుకుని, “ఉండిపో ఆచారీ. లంగరు చెయ్యాలి,” అన్నాడు.

ఏది గొప్పదని కాదు, ఏ పనికి ఏది తగునని అడగాలి: ఇదీ నీతి. నేను మాత్రం ఇప్పటికీ కొట్టుకెళ్ళి “గట్టిదివ్వండి” అనే అంటాను; దేనికో చెప్పడం ఇంకా నేర్చుకోలేదు.